ఇంటి పందెములకు స్టీరింగు

కంప్యూటరులో కారు పందెములాడు పిల్లలున్న ఇండ్ల నుండి మాకు వచ్చు జాబులలో ఈ మధ్య ఒకే ప్రశ్న పదే పదే కనబడుచున్నది: "మావాడు స్టీరింగు కొని పెట్టుమని పోరుచున్నాడు, ఎట్టిది కొనవలెను?" ఒకటి రెండు జాబుల అడుగున, వేరొక దస్తూరితో, "అసలు కొనవలెనా?" అని ఇంకొక ప్రశ్నయు చేరియున్నది. రెండును న్యాయమైన ప్రశ్నలే. మంచి స్టీరింగు వెల చాల కుటుంబములలో ఒక నెల ఇంటి ఖర్చునకు తీసిపోదు. తెచ్చిన రెండు వారములకే అటకనెక్కిన స్టీరింగులను మేము చూచియున్నాము. వానిలో చెడిపోయినవి తక్కువ. ఆ ఇంటికి, ఆ ఆటకు తగనివే ఎక్కువ.

పందెపు ఆటకు స్టీరింగు తగిలించుట నిన్న మొన్నటి ముచ్చట కాదు. 1974లో అమెరికాలో అటారీ వారు "గ్రాన్ ట్రాక్ 10" అను నాణెము వేసి ఆడు యంత్రమును తెచ్చినప్పుడే దానికి స్టీరింగు, పెడళ్ళు, గేరు కర్ర యుండెను. 1989లో అదే పేరుతో వచ్చిన "హార్డ్ డ్రైవిన్" అను యంత్రములో స్టీరింగు ఆడువాని చేతిని ఎదురు త్రోసెడిది. అంగడిలోని ఆ వింత క్రమముగ ఇంటి బల్ల మీదికి వచ్చినది. 2020లో అంటువ్యాధి మూలమున మోటారు పందెములన్నియు నిలిచిపోగా ఫార్ములా వన్ వారు వాని బదులు కంప్యూటరు పందెములు నడిపిరి. చార్లెస్ లెక్లెర్, లాండో నారిస్ వంటి అసలు చోదకులే తమ ఇండ్లలో కూర్చుండి స్టీరింగులు త్రిప్పిరి. మన వైపు 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగరు ఒడ్డున విద్యుత్కార్ల పందెము, ఫార్ములా ఇ, జరిగెను. దానిని చూచి వచ్చిన కుర్రవాండ్రకు గేమ్ ప్యాడ్ మీది బొటనవ్రేలి ఆట చప్పగ తోచినచో ఆశ్చర్యము లేదు.

కొనుటకు ముందు ఇంటిలోని యంత్రమేదో చూచుకొనవలెను. ప్లేస్టేషనునకు పనిచేయు స్టీరింగు ఎక్స్‌బాక్సునకు పనిచేయదు. ఇందులో సాంకేతికమైన అసాధ్యత ఏమియు లేదు. ఆయా కంపెనీలు తమ అనుమతి చిహ్నమును స్టీరింగు లోపలి చిప్పులో పెట్టించును, అది లేని దానిని యంత్రము గుర్తింపదు. లాజిటెక్ వారి జి29, జి920 అనునవి లోపల కవల పిల్లలు. మొదటిది ప్లేస్టేషనుది, రెండవది ఎక్స్‌బాక్సుది. కంప్యూటరు మాత్రము రెంటిని స్వీకరించును. ఈ ఒక్క సంగతి అడుగక కొని, పెట్టె విప్పిన తరువాత విచారించువారు తక్కువ కాదు.

రెండవది, ఆట ఎట్టిది? పోలీసులను తప్పించుకొని నగరవీధులలో గంతులు వేయు ఆటలకు స్టీరింగు ఉపకారము కంటె అపకారమే చేయును. అవి గేమ్ ప్యాడ్ కొరకు కూర్చినవి. "గ్రాన్ టురిస్మో 7", "అసెట్టో కోర్సా", "డర్ట్ ర్యాలీ 2.0" వంటివి, పందెము లేక సరకుల లారీని ఊరి నుండి ఊరికి నడుపు "యూరో ట్రక్ సిమ్యులేటర్ 2" వంటివి స్టీరింగుతోనే పూర్తిగ రుచించును. లారీ ఆటను చులకనగ చూడవలదు. ఇంటిలో పెద్దవారు కూడ కూర్చుండి ఆడగలిగినది అదియే.

ఇక అసలు విషయము. కారులో స్టీరింగు చేతిని ఎందుకు ఎదిరించును? చేతులు వదలి సైకిలు త్రొక్కు కుర్రవానిని చూడుడు. ముందు చక్రము చాలవరకు తనంతట తాను తిన్నగ నిలుచును. ముందు ఫోర్కు వాలుగ నుండుటచే చక్రము నేలనంటు చోటు, అది తిరుగు గీత కంటె కొంచెము వెనుక పడుట దీనికి ఒక కారణము. ఆస్పత్రిలో తోపుడు మంచము చక్రములు తామే దారికి తిరుగుటయు ఇట్టిదే. కారు ముందు చక్రములలోను ఈ ఏర్పాటు కలదు. దానికి తోడు టైరు గుణమొకటి కలదు. మలుపులో టైరు అడుగు భాగము మెలిపడును. ఆ మెలి ముందు అంచున తక్కువ, వెనుక అంచున ఎక్కువ. కావున నేల టైరును ప్రక్కకు నెట్టు బలము సరిగ నడిమికి తగులక కొంచెము వెనుకగ తగులును. అది చక్రమును మరల తిన్నగ త్రిప్పజూచును. మలుపులో వేగము పెరిగిన కొలది చేతికి బరువు పెరుగును.

ఇంతవరకు కారు నడుపువారందరు ఎరిగినదే. స్టీరింగు విలువ అంతయు ఇమిడియున్నది దీని తరువాతి ముచ్చటలో. టైరు పట్టు పూర్తిగ తప్పుటకు ముందే దాని అడుగున వెనుక అంచు జారనారంభించును. అప్పుడు నేల నెట్టు చోటు ముందునకు జరుగును. చేతి బరువు తగ్గిపోవును. కారు ఇంకను దారిలోనే యున్నది, కంటికి తేడా ఏమియు తోచదు, కాని స్టీరింగు తేలికయైనది. ఇంకను త్రిప్పిన లాభము లేదు, వేగము తగ్గింపుమని టైరు చేతికి చెప్పు మాట అది. వానకాలమున నీరు నిలిచిన తారురోడ్డు మీద ఒక్క క్షణము స్టీరింగు చేతిలో ఏమియు లేనట్లగుట కొందరు శ్రోతలకు అనుభవమై యుండును.

మంచి పందెపు ఆటలు ఈ లెక్కనంతయు సెకనుకు వందల సారులు గట్టి, ఫలితమును స్టీరింగులోని మోటారునకు పంపును. కావున మనము కొనునది ఒక వార్తాహరుని. టైరు చెప్పిన మాటను కలిపి చెరపక, ఆలస్యము చేయక చేతికి అందించునా లేదా అనునదే దాని పరీక్ష. దీపములు, బొత్తాములు, అంచు కుట్టిన తోలు, ఇవన్నియు దాని తరువాతివి.

ఈ పరీక్షలో అన్నిటికంటె చౌకవి నిలువవు. వానిలో స్ప్రింగు గాని రబ్బరు త్రాడు గాని యుండి స్టీరింగును ఎల్లప్పుడు నడిమికి లాగుచుండును. కారు నిలిచియున్నను, జారుచున్నను, గాలిలో ఎగిరినను ఆ లాగుడు ఒక్కటే. జేబులోని ఫోను వణికినట్లు మధ్య మధ్య వణకుట మాత్రము కలదు. పైగ చాల వాటికి ఈ కొన నుండి ఆ కొనకు 180 లేక 270 డిగ్రీల తిరుగుడే. మామూలు కారు స్టీరింగు 900 డిగ్రీలకు, అనగా రెండున్నర చుట్లకు, అటునిటుగ తిరుగును. ఎనిమిదేండ్ల పిల్లవాని ఆటకు అది చాలును. పదునేడేండ్లవాడు అడిగినది అది కాదు.

మోటారు గలవానిలో మొదటి జాతి పండ్లచక్రములది. 2015లో వచ్చిన జి29, జి920, వాని తరువాత 2020లో వచ్చిన జి923 ఈ జాతివి. చిన్న మోటారుల బలమును గేర్లు పెంచి స్టీరింగునకు అందించును. గట్టివి, మొండివి, ఏండ్ల తరబడి పనిచేయును. కాని పంటికి పంటికి నడుమ సందు కొంచెమైన నుండక తప్పదు గనుక, సరిగ నడిమి చోట చేతికి ఏమియు తెలియని చిన్న మూగతనము కలదు. గతుకుల దారిలో కటకటమని చప్పుడు చేయును. రాత్రి పదిగంటలకు ప్రక్క గదిలో తాతగారు నిద్రించు ఇంటిలో ఇది చిన్న సంగతి కాదు.

రెండవ జాతి బెల్టులది. 2014లో థ్రస్ట్‌మాస్టర్ వారు తెచ్చిన టి300ఆర్‌ఎస్ దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము. నడక మెత్తన, చప్పుడు తక్కువ. చాలసేపు ఆడినచో మోటారు వేడెక్కి బలము తగ్గుట దీని లోపము. మన మే నెల మధ్యాహ్నములలో దీనిని గోడకానించి గాలి రంధ్రములు మూయకుండ చూడవలెను.

మూడవది, నేడు అందరి నోట నున్నది, డైరెక్ట్ డ్రైవ్. ఇందులో గేర్లు లేవు, బెల్టు లేదు. స్టీరింగు తిన్నగ మోటారు ఇరుసునకే బిగింపబడును. నడుమ మధ్యవర్తి లేనందున వార్త చెరుగదు. ఇవి చాలకాలము ధనవంతుల వస్తువులుగ నుండెను. 2021లో జర్మనీకి చెందిన ఫనాటెక్ వారు సి.ఎస్.ఎల్. డి.డి. అను మోటారు పెట్టెను 350 డాలర్ల వెలకు తెచ్చుటతో పరిస్థితి మారినది. 2015లో జి29 తొలి వెల 400 డాలర్లు. అయితే ఆ 400కు స్టీరింగు, మూడు పెడళ్ళు కలిసి వచ్చెను; ఈ 350కి పెట్టె యొక్కటే. ప్రకటనలలో చిన్న అక్షరములు చదువవలసిన చోటిది. తరువాత మోజా వారి ఆర్5 వంటివి స్టీరింగు, రెండు పెడళ్ళు చేర్చి ఒకే కట్టగ వచ్చినవి.

ఇచ్చట బలము సంఖ్యలతో పిల్లలు పెద్దలను బెదిరించుట మేము విన్నాము. ఆ సంఖ్య న్యూటన్ మీటర్లలో నుండును. 28 సెంటీమీటర్ల వ్యాసము గల స్టీరింగు అంచున 5 న్యూటన్ మీటర్లనగా ఇంచుమించు మూడున్నర కిలోల బరువు వ్రేలాడినట్లు. జి29 బలము సుమారు 2, సి.ఎస్.ఎల్. డి.డి. బలము 5, పెద్ద విద్యుత్ పెట్టె చేర్చినచో 8. మోజా ఆర్5ది ఐదున్నర. 2022లో లాజిటెక్ వారు తెచ్చిన జి ప్రో అనుదానిది 11. పదకొండనగా అంచున ఎనిమిది కిలోలు. పవర్ స్టీరింగు గల మామూలు కారు నడుపువాని చేతికి పడు బరువు కొద్ది న్యూటన్ మీటర్లకు మించదు.

మరి బలమెందుకు? దీనికొక కారణము కలదు. మోటారు శక్తి 2 మాత్రమే యైనప్పుడు ఆట 4 పంపినను 2గానే చేతికి వచ్చును, 6 పంపినను 2గానే వచ్చును. చిన్న గ్రామఫోను పెట్టెలో పెద్ద మేళమును గట్టిగ వినిపింపజూచినచో స్వరములన్నియు ఒకే గీకుడుగ వినవచ్చునట్లు, పెద్ద బలములన్నియు ఒకటిగ కలిసిపోవును. బరువు తగ్గినదన్న ఆ విలువైన వార్త ఆ రొదలో మునిగిపోవును. దీనికి మందు ఆటలోనే కలదు: బలము మీటను నూటికి నూరు పెట్టక కొంత తగ్గించినచో చిన్న మోటారు కూడ నిజము పలుకును. పూర్తిగ పెంచిన జి29 కంటె సరిగ తగ్గించిన జి29 మంచి గురువు. ఇంటి వాడుకకు 5 నుండి 8 చాలునని మా అభిప్రాయము. అంతకు పైబడినది కొనువారు బల్లను, మణికట్టును కూడ లెక్కలో చేర్చుకొనవలెను. గోడకు గ్రుద్దుకొనినప్పుడు స్టీరింగు ఒక్క విసురున తిరుగును. బొటనవ్రేలిని కమ్మి లోపలి వైపు పెట్టియుంచినచో బెణుకు తప్పదు. పిల్లలాడు ఇంటిలో బలమును సగమునకు దించి ఉంచుట మేలు.

ఇంతసేపు చేతిని గూర్చి చెప్పితిమి. కాని పందెములో కాలము కలిసివచ్చునది కాలి క్రిందనే. కారు బ్రేకు ఎంత దూరము నొక్కితిమి అనుదానికంటె ఎంత బలముగ నొక్కితిమి అనుదానిని బట్టి పనిచేయును. చౌక పెడళ్ళు దూరమును కొలుచును. "లోడ్ సెల్" గల పెడళ్ళు బలమును కొలుచును. మన కండలకు బలము జ్ఞాపకమున్నట్లు దూరము జ్ఞాపకముండదు. కావున రెండు వస్తువులకు కలిపి ఇంత సొమ్మని నిర్ణయించుకొన్నవారు స్టీరింగులో ఒక మెట్టు దిగియైనను బ్రేకులో ఒక మెట్టు ఎక్కుట మంచిదని మేము చెప్పుదుము. ఈ మాట అంగడివారు సాధారణముగ చెప్పరు.

బ్రేకు గట్టిదైన కొలది కుర్చీ ప్రశ్న వచ్చును. ఆఫీసు కుర్చీకి చక్రములుండును. మలుపు ముందు బ్రేకు గట్టిగ నొక్కగానే కారు నిలుచుటకు బదులు కుర్చీయే వెనుకకు పోవును. కుర్చీ చక్రములను పాత చెప్పులలో నిలుపువారు, పెడళ్ళకు కుర్చీ కాళ్ళకు నడుమ త్రాడు కట్టువారు కలరు, రెండును పనిచేయును. ఒక అమ్మాయి మాకు వ్రాసినది: "అన్నయ్యకని కొన్నారు. నాకు కాళ్ళందవు. పెడళ్ళు దగ్గరకు లాగినచో అవి గచ్చు మీద ముందుకు జారిపోవును." ఆ అమ్మాయికి కావలసినది రెండవ స్టీరింగు కాదు, పెడళ్ళ వెనుక గోడ వరకు పెట్టు ఒక చెక్క దిమ్మ. మడత పెట్టు ఇనుప స్టాండులు అంగడిలో దొరకును. లేకున్నను ఊరి వడ్రంగి మందపు ప్లైవుడ్డుతో, మోకాళ్ళు తగులని ఎత్తున, పెడళ్ళకు ఏటవాలు పలకతో ఒకటి చేసి ఇవ్వగలడు. స్టీరింగు నడిమి భాగము ఆడువాని రొమ్ము ఎత్తునకు రావలెను. భోజనపు బల్లకు బిగించువారు బల్ల అంచు మందమును ముందు కొలుచుకొనవలెను. అద్దపు బల్లకు ఎన్నటికి బిగింపరాదు.

గేరు కర్ర కావలెనా? స్టీరింగు వెనుక రెండు రేకులు నొక్కి గేరు మార్చుట నేటి పందెపు కార్ల పద్ధతి. దానికి వేరే కర్ర అక్కరలేదు. లారీ ఆటకును, పాత కార్ల ఆటకును క్లచ్చి, కర్ర ఉన్న ముచ్చటయే వేరు. అట్లు కోరువారు మూడు పెడళ్ళు గలదానినే అడుగవలెను. మన దేశములో గేరు ఎడమచేతిది. స్టాండులు చాలవరకు కుడిచేతి దేశములను తలచి చేసినవి; కర్ర బిగించు పలకను ఎడమకు మార్చుటకు వీలున్నదా యని చూడవలెను.

పాతవి కొనుట తప్పు కాదు. విద్యుత్తు ఇయ్యగానే మంచి స్టీరింగు తనంతట తాను ఒక కొన నుండి మరియొక కొనకు తిరిగి నడిమికి వచ్చి నిలుచును. ఆ సమయమున చేతులు పెట్టరాదు. నడిమికి రాక ప్రక్కన నిలిచినచో లోపల కోణమును కొలుచు చిన్న పళ్లెము పగిలియుండవచ్చును. పాత జి25, జి27లలో ఇది బాగుగ తెలిసిన జబ్బు. పెడళ్ళు నెమ్మదిగ నొక్కునప్పుడు తెర మీది గీత గంతులు వేసినచో లోపల దుమ్ము చేరినదని అర్థము. శుభ్రపరచిన తరచుగ బాగుపడును. క్రొత్తది కొనువారు మరమ్మతు ఎచ్చట చేయుదురో అడుగవలెను. పేరు గొప్పదైనంత మాత్రమున చాలదు: ఫనాటెక్ మాతృసంస్థ ఎండోర్ 2024లో దివాలా స్థితికి రాగా అమెరికాకు చెందిన కోర్సేర్ వారు ఆ వ్యాపారమును కొనిరి.

ఇక జాబుల అడుగున నున్న ప్రశ్న. దీనితో పిల్లవాడు కారు నడుపుట నేర్చునా, చెడునా? నేర్చినవారు కలరు. సోనీ, నిస్సాన్ కంపెనీలు కలిసి 2008లో ఆరంభించిన జి.టి. అకాడమీ పోటీలో తొలి విజేత స్పెయిన్ యువకుడు లూకాస్ ఆర్డోన్యెజ్. 2011 విజేత బ్రిటన్‌కు చెందిన యాన్ మార్డెన్‌బరో. వీరిరువురు 2013లో ఫ్రాన్సులో జరుగు లె మాన్స్ 24 గంటల పందెమున ఒకే కారును పంచుకొని నడిపి తమ తరగతిలో మూడవ స్థానము పొందిరి. ఇంటి కంప్యూటరు ముందు పందెములు నేర్చిన విలియం బైరన్ 2024లోను, 2025లోను అమెరికాలో డేటోనా 500 గెలిచెను. అయితే వీరెవ్వరు ఇంటి కుర్చీ నుండి తిన్నగ పందెపు కారులోనికి దూకలేదు. నడుమ శిక్షణము, చిన్న పందెములు, ఎన్నో నెలలు కలవు. బల్ల మీది స్టీరింగు చేతికి, కాలికి, కంటికి నేర్పును. మలుపులో దేహము ప్రక్కకు ఒరుగుట, బ్రేకుతో ముందుకు తూలుట అది నేర్పజాలదు. భయమును అసలే నేర్పదు. గోడకు గ్రుద్దుకొనిన కారును ఒక బొత్తాము నొక్కి మరల క్రొత్తది చేసికొనవచ్చునను అలవాటును మాత్రము నేర్పును. అది సందుగొందులలో ఎదురు వచ్చు ఎడ్లబండిని, ఆటోను, పరుగెత్తు పసివానిని ఎరుగదు.

ఇంటిలో ఇంత బాగుగ నడుపుచున్నాడు కదా యని పదునారేండ్ల కుర్రవానికి కారు తాళములిచ్చిన తండ్రి సంగతి చట్టము స్పష్టముగ చెప్పినది. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము మైనరు నడిపి నేరము చేసినచో సంరక్షకునకు మూడేండ్ల వరకు ఖైదు, 25,000 రూపాయల జుల్మానా. ఆ బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దు. కారునకు లైసెన్సు పదునెనిమిదేండ్లకే. స్టీరింగు కొని ఇచ్చు రోజుననే ఈ మాట పిల్లవానితో చెప్పి ఉంచుట మంచిది. అప్పుడు శ్రద్ధగ వినును.

అంగడికి పోయినప్పుడు పిల్లవానిని వెంట తీసికొని పొండు. అద్దాల బీరువాలోని దానిని చూచి తృప్తిపడక, తగిలించి చూపుమని అడుగుడు. ఆటలో ఒక మలుపున కావలెనని ఎక్కువ వేగముతో పోయి స్టీరింగును ఇంకను ఇంకను త్రిప్పుమనుడు. చేతికి బరువు పెరిగి, హఠాత్తుగ తగ్గినట్లు పిల్లవానికి, తరువాత మీకు తెలిసినచో ఆ స్టీరింగు తన పని చేయుచున్నది. తెలియనిచో బలము మీట ఎంతలో నున్నదో చూచి, తగ్గించి, మరియొకసారి అదే మలుపున ప్రయత్నింపుడు. బిల్లును, పెట్టెను, లోపలి అట్టలను రెండు వారములైనను పారవేయక దాచుడు.